కారు క్యాంపింగ్: వంట సామాను, పడక సామాను. మీరు నిజంగా వాడేవే చెప్పండి

గోల్కొండ_డ్రైవ్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. డిసెంబర్ చివర్లో పిల్లల సెలవులకి లంబసింగి, వనజంగి, అరకు చుట్టి రావాలని ప్లాన్. మేమిద్దరం, పిల్లలిద్దరు. బండి కాంపాక్ట్ ఎస్‌యూవీ, వెనక సీట్లు మడిస్తే దాదాపు చదునుగా వస్తుంది. ఈసారి హోటల్ రూములు వద్దు, టెంటు వేసుకుని మనమే వండుకుందాం అని నా ఉత్సాహం. మా ఆవిడ మాత్రం ఒకటే మాట అంది: "ఇంట్లోనూ వంటే, కొండ మీదా వంటేనా? నేల మీద గొంతుకూర్చుని పొగలో కళ్ళు మండించుకుంటూ వండాలంటే నేను రాను." న్యాయమే కదా.

యూట్యూబ్‌లో చూస్తే ఒక్కొక్కరూ లక్షల సామాను చూపిస్తున్నారు. నాకు అవి వద్దు. మీ డిక్కీలో ఏళ్ళ తరబడి ఉండిపోయిన వస్తువులు, అవి లేకపోతే బయల్దేరం అనుకునేవి చెప్పండి. స్టవ్, గిన్నెలు, నీళ్ళు, పడక, లైట్లు, ఏదైనా సరే. బడ్జెట్ పాతిక వేలు. టెంటు ఆల్రెడీ ఉంది.

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

రండన్నా, మా కొండలకి స్వాగతం. ముందు స్టవ్ సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేది ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే పోర్టబుల్ స్టవ్. పక్కన అరలో 220 గ్రాముల పొడుగు డబ్బా పెట్టి మీట నొక్కుతారు. మంచి వస్తువే. కానీ ఆ డబ్బాలో ఉండేది ముఖ్యంగా బ్యూటేన్. అది మరిగేది సున్నాకి అర డిగ్రీ కింద. అంతకన్నా చలి పెరిగితే లోపల ద్రవం ద్రవంగానే ఉంటుంది, గ్యాస్ రాదు. లంబసింగిలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చలి ఒక్కోసారి సున్నా దాకా దిగుతుంది. "నాలుగైదు డిగ్రీలుంటే ఫర్వాలేదుగా" అంటారేమో, అదీ కాదు. గ్యాస్ బయటికి వస్తున్నకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, పైన తేమ పడుతుంది, మంట సన్నగిల్లి చివరికి మిణుకుమిణుకుమంటుంది. డబ్బా ఊపితే సగం నిండుగా ఉన్నట్టు చప్పుడు. జనం అప్పుడు డబ్బా పాడైందనుకుని పారేస్తారు.

దీనికి విరుగుడు సులువే. రాత్రే ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసి పెట్టుకోండి. పొద్దున ఒక గిన్నెలో చన్నీళ్ళు కలిపి గోరువెచ్చగా చేసి, డబ్బాని ఐదు నిమిషాలు అందులో ఉంచి, తుడిచి బిగించండి. గోరువెచ్చగా అంటే చంటిపిల్లల స్నానం నీళ్ళంత, అంతే. మరిగే నీళ్ళు పొయ్యొద్దు, డబ్బాని మంట దగ్గర పెట్టి వెచ్చచెయ్యొద్దు.

ఇంకో దారి 5 కిలోల చిన్న సిలిండర్. ఇండేన్ వాళ్ళది చోటూ, హెచ్‌పీది అప్పు, భారత్‌ది మినీ. అందులో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి మన కొండల చలికి లొంగదు. నలుగురికి మూడు పూటలూ వండే ఫ్యామిలీకి నా ఓటు దానికే.

వంటిల్లు_ఆన్_వీల్స్ (విజయవాడ)

గోల్కొండ గారూ, మీ ఆవిడ మాట నాకు బాగా నచ్చింది. ఈ ఫోరంలో మగవాళ్ళు స్టవ్‌ల గురించి పేజీలు పేజీలు రాస్తారు గానీ వండేవాళ్ళు ఎక్కడ నిలబడాలి, ఎంగిలి గిన్నెలు ఎక్కడ తోమాలి అని ఒక్కరూ అడగరు. క్యాంపింగ్‌లో సుఖం అంటే వండే మనిషి నడుముకీ మోకాళ్ళకీ సుఖం. నేను మా డిక్కీని ఆ లెక్కలోనే సర్దాను.

నా మొదటి వస్తువు స్టవ్ కాదు, బల్ల. మడత కాళ్ళ అల్యూమినియం టేబుల్, కాళ్ళ ఎత్తు మార్చుకునే రకం. ఎత్తు మీ ఇంటి వంటగట్టుకి దగ్గరగా ఉండాలి. కొనే ముందు ఇంట్లో గట్టు ఎత్తు టేపుతో కొలుచుకోండి. అయితే స్టవ్‌కి ఎత్తు కలుస్తుంది కదా, అందుకని బల్ల నాలుగైదు అంగుళాలు తక్కువే ఉండాలి. లేకపోతే కుక్కర్ మూత తియ్యడానికి మునివేళ్ళ మీద నిలబడాలి. చాలా టేబుళ్ళు పిక్నిక్ ఎత్తులో వస్తాయి, కూర్చుని పేకాట ఆడుకోవడానికి బాగుంటాయి గానీ నిలబడి ఉల్లిపాయలు తరగడానికి పనికిరావు.

రెండోది మూడు లీటర్ల కుక్కర్. ఇంట్లో వాడే కుక్కరే, కొత్తది కొనక్కర్లేదు. అందులో రెండు చిన్న గిన్నెలు ఒకదాని మీద ఒకటి: కింద పప్పు, పైన అన్నం. ఒక్క మంట మీద ఒకేసారి రెండూ అయిపోతాయి. బియ్యం, పప్పు అరగంట ముందు నానబెడితే గ్యాస్ బాగా కలిసొస్తుంది. ఈలలు వచ్చాక కుక్కర్‌ని దించి పాత రగ్గులో చుట్టి పెట్టెయ్యండి. ఈలోగా స్టవ్ మీద తాలింపు. రగ్గులోంచి తీసేసరికి అన్నం పువ్వులా ఉంటుంది, ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది.

మూడోది పోపుల డబ్బా. ఇంట్లోది తీసుకెళ్ళకండి, ఘాట్ రోడ్డు మలుపుల్లో మూత ఊడి ఆవాలూ పసుపూ ఏకమవుతాయి. స్క్రూ మూత ఉన్న చిన్న సీసాలు ఒక షూ బాక్సులో నిలబెట్టండి. చింతపండు రసం తీసే పని కూడా పెట్టుకోవద్దు. ఇంట్లోనే గుజ్జు ఉడికించి సీసాలో పోసుకెళ్తే పులిహోర, చారు, పప్పుచారు మూడూ దాంతోనే.

కత్తిపీట ఊసే ఎత్తకండి. చాకు, చిన్న చెక్క, పీలర్ చాలు. పట్టకార మాత్రం రెండు పెట్టుకోండి, ఒకటి ఎప్పుడూ కనపడదు.

గిన్నెలు తోమే గోల గురించి రాత్రి రాస్తాను. ఇప్పుడు పిల్లల్ని ట్యూషన్‌కి దింపాలి.

వోల్టు_వాటు (సికింద్రాబాద్)

పెద్దలందరూ క్షమించాలి, గ్యాస్ కాలం పోయింది. నా దగ్గర వెయ్యి వాట్‌అవర్ల పవర్ స్టేషన్ ఉంది, అంటే ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టె. దాని మీద చిన్న రైస్ కుక్కర్. నిప్పు లేదు, వాసన లేదు, గాలికి ఆరిపోయే టెన్షన్ లేదు.

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

తమ్ముడూ, నలుగురికి మూడు పూటలు వండి చూపించు దాంతో.

వోల్టు_వాటు (సికింద్రాబాద్)

లెక్క వేద్దాం అన్నా. ఒక లీటరు నీళ్ళని 25 డిగ్రీల నుంచి మరిగించడానికి దాదాపు 87 వాట్‌అవర్లు కావాలి. లంబసింగిలో నీళ్ళు పది డిగ్రీలుంటే వందకి పైనే. ఇన్వర్టర్ తినేది ఇంకో పది పదిహేను శాతం. 500 వాట్ల రైస్ కుక్కర్ పాతిక నిమిషాలు నడిస్తే రెండు వందలు దాటుతుంది. కాబట్టి వెయ్యి వాట్‌అవర్ల స్టేషన్‌తో ఒక రోజు టీలు, రెండు పూటల అన్నం అవుతాయి. ఆ తర్వాత చార్జింగ్ పెట్టాల్సిందే. పిల్లల స్నానానికి వేడినీళ్ళు దాంతో కుదరదు, ఒప్పుకుంటాను. అటువైపు లెక్క కూడా చెప్తాను: ఒక 220 గ్రాముల గ్యాస్ డబ్బాలో ఉండే శక్తి దాదాపు 2,800 వాట్‌అవర్లు. సగం గాలికి పోయినా నా పదమూడు కిలోల బాక్సుని మించిపోతుంది.

పాతిక వేల బడ్జెట్‌లో గోల్కొండ గారు పవర్ స్టేషన్ జోలికి పోవద్దనే నేనూ అంటాను. మా నాన్నగారికి రాత్రిళ్ళు శ్వాస మెషీన్ పెట్టాలి, అందుకే నేను కొన్నది. అలాంటి అవసరం ఉన్నవాళ్ళకి అది లగ్జరీ కాదు.

అందరికీ పనికొచ్చే సంగతి ఒకటి. కారులో లైటర్ సాకెట్‌కి మామూలుగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. అంటే 120 నుంచి 180 వాట్లు, అంతకు మించి లాగితే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. "కార్ కెటిల్" అని అమ్మే 120 వాట్ల కెటిల్‌లో అర లీటరు కాగడానికి అరగంట. ఇంట్లో వాడే 1500 వాట్ల కెటిల్‌ని ఇన్వర్టర్ పెట్టి అందులో గుచ్చే ఆలోచన కూడా వద్దు.

పాత_అంబాసిడర్ (రాజమహేంద్రవరం)

నాయనలారా, నా రోజుల్లో నూతన్ కిరోసిన్ స్టవ్, ఒక తపేలా, ఒక చెంబు. అంతే. దాంతోనే కాశీ దాకా వెళ్ళొచ్చాం. ఇప్పుడు కిరోసినే దొరకదు కాబట్టి దాని సంగతి వదిలేద్దాం.

పడక గురించి చెప్తాను. అందరూ పైన కప్పుకునేదాని మీద డబ్బు పోస్తారు. చలి వచ్చేది కిందనుంచి. ఎంత మందం రజాయి అయినా మీ ఒంటి కింద నలిగిన భాగం వెచ్చదనం ఇవ్వదు. గాలి పరుపుల్లోనూ అంతే, లోపల గాలి రాత్రికి చల్లబడిపోతుంది. మడత మంచాలు కొనుక్కుని నేల మీద పడుకోలేదు కదా అని సంబరపడతారు, కింద నుంచి గాలి తోసుకొస్తుంటే తెల్లవార్లూ వణుకుతారు. ఏ పరుపైనా, ఏ మంచమైనా దాని మీద ముందు బొంత వెయ్యండి, తర్వాత దుప్పటి, తర్వాత మనిషి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మాత్రం మంచం తప్పదు. నేను మంచం మీద బొంత వేసుకునే బ్యాచ్.

గోల్కొండ_డ్రైవ్ (హైదరాబాద్)

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. థాంక్స్ అందరికీ. అంబాసిడర్ బాబాయ్ గారూ, మా ఇంట్లో అమ్మ కుట్టిన పాత చీరల బొంతలు రెండున్నాయి, తీసుకొస్తాం. పిల్లల్ని కారులో పడుకోబెట్టి మేం టెంటులో ఉంటే మంచిదా, అందరం టెంటులోనేనా?

కాలిఫోర్నియా_బావ (శాక్రమెంటో)

పిల్లల్ని వేరుగా వద్దు. చీకట్లో లేచి భయపడతారు, కారు లోపల్నుంచి తలుపు తియ్యడం వాళ్ళకి రాదు. ఒకరు పిల్లలతో కారులో, ఒకరు టెంటులో అయితే సరే.

ఇక్కడ మేం నాలుగైదు తెలుగు ఫ్యామిలీలు కలిసి వెళ్తాం, ఎండాకాలంలో ఎక్కువగా యోసెమిటీ, టాహో వైపు. రెండు బర్నర్ల కోల్‌మన్ స్టవ్, ఆకుపచ్చ ప్రొపేన్ బుడ్డీ. మొదట్లో చిన్న బుడ్డీలే వాడి, తర్వాత 20 పౌండ్ల సిలిండర్‌కి గొట్టం తగిలించుకున్నాం. చౌకా, ఖాళీ బుడ్డీలు పోగుపడే బాధా లేదు.

కుక్కర్ గురించి విజయవాడ మేడం గారు చెప్పినదానికి నాదో సాక్ష్యం. యోసెమిటీలోనే టుయోలమీ మెడోస్ అనే చోటు 8,600 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. కందిపప్పుని మామూలు గిన్నెలో పెడితే గంటన్నరైనా గింజ గింజగానే ఉంటుంది. పక్క సైటు అమెరికన్లు పాస్తా ఉడకక తిట్టుకుంటుంటే మన కుక్కర్ నాలుగు ఈలలకి పప్పు మెత్తగా దించేసింది. కానీ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా క్వయట్ అవర్స్, అప్పుడు ఈల వేయిస్తే మర్యాదగా ఉండదు. మేం ఎనిమిదిలోపు వంట ముగిస్తాం.

అన్నట్టు, చేపల పులుసు, ఎండు రొయ్యలు లాంటివి మేం క్యాంపులోనే వండుకుంటాం. అపార్ట్‌మెంట్‌లో తాలింపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది మరి! క్యాంపింగ్ ముఖ్యోద్దేశం అదే అని మా ఆవిడ అంటుంది.

యోసెమిటీలో ఒక రూల్ ఉంది. తిండి, సబ్బు, టూత్‌పేస్ట్, వాసన వచ్చేది ఏదైనా రాత్రి కారులో ఉంచకూడదు, సైటులో ఇచ్చే ఇనప లాకర్లో పెట్టి గడియ వెయ్యాలి. ఎలుగుబంట్లు కారు తలుపులు విరగ్గొడతాయి. అందుకని ఐస్ బాక్సు కొనేటప్పుడు లాకర్ కొలతలు చూసుకోవాలి. పెద్ద చక్రాల బాక్సు కొనుక్కుని లాకర్లో పట్టక అర్ధరాత్రి తంటాలు పడేవాళ్ళని ప్రతి సీజన్‌లో చూస్తుంటాం.

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

బావగారూ, మీకు ఎలుగుబంట్లు, మాకు కోతులు. అనంతగిరి, హార్స్‌లీ హిల్స్, శ్రీశైలం ఎక్కడైనా అంతే. మీ లాకర్ రూల్ ఇక్కడ తిరగబడుతుంది: తిండి బయట ఉంచొద్దు, కారులో పెట్టి అద్దాలు పూర్తిగా ఎత్తండి. టెంటులో అరటిపండు పెట్టి జిప్పు వేస్తే కోతి జిప్పు తియ్యదు, టెంటు చింపుతుంది.

హార్స్‌లీ_గాలి (మదనపల్లె)

జిప్పు కూడా తీస్తాయి. నేను కళ్ళారా చూశాను.

వంటిల్లు_ఆన్_వీల్స్ (విజయవాడ)

గిన్నెల గోలకి వస్తున్నా.

నీళ్ళు: నలుగురికి రోజుకి ఒక 20 లీటర్ల క్యాన్ తాగడానికీ వంటకీ, ఇంకొకటి మిగతా పనులకి. బుడగ క్యాన్ ఎత్తి వంచి పోసుకోవడం మానెయ్యండి, సగం నేలపాలు అవుతుంది, నడుము పట్టేస్తుంది. కింద కుళాయి ఉన్న ప్లాస్టిక్ క్యాన్ డిక్కీ అంచు మీద పెట్టి, కింద బకెట్ పెడితే అదే మీ సింకు. కుళాయి ఉన్న క్యాన్ దొరక్కపోతే చార్జింగ్‌తో నడిచే చిన్న పంపు, క్యాన్ మూతి మీద బిగించేది, తీసుకోండి. పిల్లలకి కూడా దాంతో చేతులు కడుక్కోవడం సరదా.

గిన్నెలు: తోమే ముందు పాత న్యూస్‌పేపర్‌తో జిడ్డంతా తుడిచెయ్యండి. ఆ ఒక్క పనికి సగం నీళ్ళు, సగం సబ్బు మిగులుతాయి. సబ్బు నీళ్ళు వాగులో పొయ్యకండి, దూరంగా మట్టిలో పొయ్యండి.

కంచాలు మాత్రం అసలు తీసుకెళ్ళకండి. మీరు వెళ్ళేది అడ్డాకుల దేశానికి. పాడేరు, చింతపల్లి, అరకు సంతల్లో గిరిజన ఆడవాళ్ళు కుట్టిన అడ్డాకు విస్తర్లు కట్టలు కట్టలుగా దొరుకుతాయి. వేడి అన్నం వడ్డిస్తే ఆకు వాసన ముక్కుకి తగులుతుంది, పప్పులో నెయ్యి అక్కర్లేదనిపిస్తుంది. తిన్నాక తోమే పని లేదు. కట్ట కొనేటప్పుడు ఒక ఆకుని వంచి చూడండి. పచ్చిగా ఉంటే బూజు పట్టేస్తుంది, మరీ ఎండితే చిట్లుతుంది. మెత్తగా వంగి విరగనిది తీసుకోండి.

పెరుగు: చలిలో తోడుకోదు. పాలు కాచి గోరువెచ్చగా ఉండగా తోడు వేసి, హాట్‌ప్యాక్ డబ్బాలో పోసి మూత పెట్టి, బొంతలో చుట్టి కారులో పెట్టండి. పొద్దున గడ్డ పెరుగు. హాట్‌ప్యాక్ రొట్టెలకే అనుకుంటారు గానీ నా క్యాంపు సామానులో దానంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

గోల్కొండ_డ్రైవ్ (హైదరాబాద్)

మేడం, మీ పోస్టులు మా ఆవిడకి చదివి వినిపించాను. "ఈవిడ వస్తే నేను వస్తాను" అంటోంది.

వంటిల్లు_ఆన్_వీల్స్ (విజయవాడ)

అయితే వంటలో సగం మీరు చెయ్యండి, అంతకన్నా మంచి సామాను లేదు.

గండికోట_అంచు (ప్రొద్దుటూరు)

మా వైపు కూడా రండన్నా, కానీ మా దగ్గర సమస్య వేరు. గండికోటలో పెన్నా లోయ అంచున గాలి ఊరికే ఉండదు. మెరక మీద అంతా బండ, మేకులు దిగవు. మేకు వంకరపోయేదాకా కొట్టడం కన్నా టెంటు తాళ్ళని తలకాయంత రాళ్ళకి కట్టి, ఆ రాళ్ళ ముందు ఇంకో రాయి పెట్టండి. తాడు ఒక్కటే నాది అదనం, పది మీటర్ల నైలాన్ తాళ్ళు రెండు. బట్టలారేసుకోవడానికి, టార్పాలిన్ కట్టడానికి పనికొస్తాయి. పొరపాటున పక్కవాడి బండి ఇసకలో దిగబడితే లాగడానికి మాత్రం కాదు, అది తెగుతుంది.

స్టవ్‌కి గాలి అడ్డు ఎలా పెడుతున్నారు మీరంతా? మా వాళ్ళు రేకు తెచ్చి చుట్టూ గుండ్రంగా పెడుతున్నారు.

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

అయ్యో, ఆ పని ఆపించు తమ్ముడూ. డబ్బా పెట్టే స్టవ్ చుట్టూ రేకు మూసేస్తే మంట వేడంతా తిరిగి డబ్బాకే తగులుతుంది. ఆ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసే ఉంటుంది. అడ్డు పెడితే గాలి వచ్చే వైపు ఒక్కటే, డబ్బా ఉన్న వైపు ఖాళీగా వదలాలి. నేను మొదట చెప్పిన ప్లాస్టిక్ పెట్టె స్టవ్ మీద దోసెల పెద్ద పెనం పెట్టడం కూడా అంతే ప్రమాదం. పెనం అంచు డబ్బా అర మీదికి వస్తుంది, కింద అర కాలిపోతూ ఉంటుంది. మంచి స్టవ్‌లలో ఒత్తిడి పెరిగితే డబ్బా దానంతటదే ఊడిపోయే ఏర్పాటు ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని వండకూడదు. చిన్న పెనం, చిన్న దోసెలు.

నేనైతే కారునే గాలికి అడ్డంగా నిలబెట్టి, దాని చాటున బల్ల వేస్తాను. కారుకి మూడడుగుల దూరం ఉంచుతాను.

ఎండాకాలంలో డబ్బాలు డిక్కీలో వదిలేసి కారు ఎండలో పెట్టకండి. మన మే నెల ఎండకి మూసిన కారు లోపల 50 దాటడం పెద్ద విషయం కాదు. 5 కిలోల సిలిండర్ అయితే నిలబెట్టి, తాడుతో కట్టి, రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ క్యాప్ బిగించి, అద్దం కాస్త దించి తీసుకెళ్ళాలి.

మోడరేటర్

రెండు విషయాలు అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, టెంటు లోపల, కారు లోపల స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకండి, చలి ఎంతున్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి హీటర్ వేసుకుని నిద్రపోవడం కూడా అంతే. రెండు, రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా టెంటు వెయ్యడం కుదరదు. శ్రీశైలం వెళ్ళే నల్లమల రోడ్లలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేట్లు మూసేస్తారు, ప్లాన్ చేసేటప్పుడు చూసుకోండి. ఊరివాళ్ళ పొలం పక్కన వేస్తే అడిగి వెయ్యండి.

నైట్_హాల్ట్ (గుంటూరు)

నేను ఒక్కణ్ణే తిరుగుతాను, టెంటు లేదు, కారులోనే పడక. నా మూడు వస్తువులు:

కిటికీలకి తొడిగే దోమతెర, సాక్సులా తలుపు మీదనుంచి లాగి వేసేది. అది ఉంటే అద్దాలు రెండు వేళ్ళంత దించుకోవచ్చు. అద్దాలు పూర్తిగా మూసి పడుకుంటే పొద్దునకి లోపలంతా ఊపిరి తేమతో తడి, దుప్పటి కూడా చెమ్మ.

సీటు మడిచినచోట వచ్చే సందులో ఇరికించడానికి పాత దిండ్లు. చదునుగా ఉంది కదా అనిపిస్తుంది, పడుకుంటే సరిగ్గా నడుం కిందే గుంట వస్తుంది. ఇంట్లో ఒకసారి పార్కింగ్‌లోనే పడుకుని చూసుకోండి, వాచ్‌మన్ ఏమనుకున్నా పర్లేదు.

పసుపు రంగు లైటు. తెల్ల ఎల్ఈడీ పెడితే ఏజెన్సీలో ఉన్న పురుగులన్నీ సాంబారులోకే వస్తాయి. తలకి పెట్టుకునే లైటు ఒకటి తప్పనిసరి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. తెల్ల లైటు కావాలంటే క్యాంపుకి దూరంగా ఒకటి వేలాడదియ్యండి, పురుగులు అటు పోతాయి.

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

దోమల మాట వచ్చింది కాబట్టి: మా ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పిల్లలకి ఫుల్ హ్యాండ్స్, ప్యాంట్లు, దోమల క్రీము. చలికాలం దోమలుండవు అని ధీమాగా ఉండొద్దు. తిరిగి వెళ్ళాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి "ఏజెన్సీ వెళ్ళొచ్చాం" అని తప్పక చెప్పండి.

వోల్టు_వాటు (సికింద్రాబాద్)

ఐస్ బాక్సా, కారు ఫ్రిజ్జా అని ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తా. కంప్రెసర్ ఫ్రిజ్ సగటున లాగేది తక్కువే, కానీ రాత్రంతా కారు బ్యాటరీ మీద వదిలేస్తే పొద్దున స్టార్ట్ అవ్వదు. 45 ఆంపియర్‌అవర్ల బ్యాటరీలో కాగితం మీద 540 వాట్‌అవర్లు ఉన్నా, స్టార్టింగ్ బ్యాటరీని సగం కిందికి దించితే దాని ఆయుష్షు పోతుంది. ఫ్రిజ్‌లో బ్యాటరీ కట్ ఆఫ్ సెట్టింగ్ ఉంటే 'హై' మీద పెట్టండి. డిసెంబర్‌లో లంబసింగికి అసలు ఫ్రిజ్ ఎందుకు, బయట పెడితే చాలు. కోతులు ఒప్పుకుంటే!

కాలిఫోర్నియా_బావ (శాక్రమెంటో)

ఐస్ ముక్కలకన్నా దిమ్మ చాలాసేపు ఆగుతుంది. ఇంట్లో రెండు లీటర్ల బాటిళ్ళలో నీళ్ళు పోసి, పైన కాస్త ఖాళీ వదిలి, గడ్డ కట్టించి బాక్సులో పెడతాం. కరిగాక అవే తాగుతాం, కూరగాయలు నీళ్ళలో నానవు. చికెన్ మసాలా పట్టించి గడ్డ కట్టించి తీసుకెళ్తే అదీ ఒక ఐస్ దిమ్మే. పిల్లల డ్రింకులకి మాత్రం వేరే చిన్న బాక్సు. వాళ్ళు ఐదు నిమిషాలకోసారి మూత తీస్తారు.

పాత_అంబాసిడర్ (రాజమహేంద్రవరం)

కాలకృత్యాల గురించి ఎవరూ మాట్లాడరేం? ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు క్యాంపింగ్ వద్దనడానికి సగం కారణం అదే. మడత కమోడ్ కుర్చీ ఒకటి, చిన్న పార, నిలువు గుడ్డ టెంటు. వాగుకి, బాటకి దూరంగా జానెడు లోతు గొయ్యి తవ్వి, తర్వాత పూడ్చెయ్యాలి. మా ఇంటావిడ మళ్ళీ ప్రయాణాలకి వస్తోందంటే ఆ కుర్చీ పుణ్యమే.

వంటిల్లు_ఆన్_వీల్స్ (విజయవాడ)

బాబాయ్ గారికి దండం. ఇది మొదటి పోస్టులోనే రావాల్సింది.

గోల్కొండ_డ్రైవ్ (హైదరాబాద్)

ఇంట్లో మీటింగ్ అయింది. 5 కిలోల సిలిండర్, ఎత్తు మార్చుకునే టేబుల్, కుళాయి క్యాన్ రెండు, కిటికీ దోమతెరలు, పసుపు లైట్లు, కమోడ్ కుర్చీ, నిలువు టెంటు కొంటున్నాం. కుక్కర్, హాట్‌ప్యాక్, బొంతలు ఇంట్లోవే. పొద్దున టిఫిన్ నాది, రాత్రి వంట తనది, మధ్యాహ్నం దారిలో ఏది దొరికితే అది అని ఒప్పందం. నాకు వచ్చేది ఉప్మా ఒక్కటే, అది వేరే సంగతి.

ఒక డౌటు: ఇంట్లో ఉన్న రెగ్యులేటర్, రెండు బర్నర్ల స్టవ్ తీసుకెళ్ళి చోటూకి తగిలించొచ్చా?

పాడేరు_ఘాట్ (విశాఖపట్నం)

రెగ్యులేటర్ మాత్రం సిలిండర్ ఇచ్చే డీలర్ దగ్గరే, ఆ సిలిండర్‌కి సరిపోయేది తీసుకోండి, అక్కడే బిగించి చూపించమనండి. గొట్టం కొత్తది, ఐఎస్ఐ మార్కు ఉన్నది. బిగించాక సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. స్టవ్ ఇంట్లోది వద్దు, గ్లాసు టాప్ అయితే ఘాట్ రోడ్డులో పగులుతుంది. స్టీలు సింగిల్ బర్నర్ చాలు.

ఉప్మాకి రవ్వ ఇంట్లోనే వేయించి తెచ్చుకోండి. చింతపల్లి దాటాక సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఏమైనా అడగాలంటే నర్సీపట్నంలోనే అడిగెయ్యండి.